ముందు బాధ్యత అప్పగించండి, సాయం సంగతి తరువాత చూడవచ్చు

మీ అపార్ట్‌మెంటులోకి చక్రాల కుర్చీ వాడే ఒకాయన కుటుంబంతో సహా వచ్చారనీ, ఆయనను అందరిలో కలుపుకోవడానికి నివాసుల సంఘం ఎలా సాయపడాలనీ మీరు అడిగారు. నా జవాబు కొందరికి తలకిందులుగా తోచవచ్చు గానీ, నేను దానిని గట్టిగా నమ్ముతున్నాను. సాయం గురించి ఆలోచించే ముందు ఆయనకు మీ సంఘంలో ఒక అసలైన బాధ్యత అప్పగించండి. పేరుకు మాత్రమే ఉండే సలహాదారు పదవి కాదు, ఆయన చేయకపోతే పని ఆగిపోయేటంత బాధ్యత. మా తమ్ముడు చదువుకునే రోజుల్లో వెన్నుపాముకు దెబ్బ తగిలినప్పటి నుంచి చక్రాల కుర్చీలోనే తిరుగుతున్నాడు. ఇరుగుపొరుగువారు అతనిని ఏ దృష్టితో చూసేవారో, ఆ దృష్టి ఏ రోజు నుంచి మారిందో పక్కనే ఉండి చూసినదానిని కనుక ఇంత నిబ్బరంగా చెబుతున్నాను.

మేముండే భవనానికి ముఖద్వారం దగ్గర మూడు మెట్లున్నాయి. ఒక్కొక్కటి 15 సెంటీమీటర్లు, మొత్తం 45 సెంటీమీటర్ల ఎత్తు. అక్కడ ఒక ర్యాంపు కావాలని తమ్ముడు సంఘానికి ఉత్తరం రాశాడు. ఎవరూ కాదనలేదు, పైగా అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. మేస్త్రీని పిలిచి, వాహనాలు నిలిపే స్థలం పోకుండా మెట్ల ముందు రెండు మీటర్ల పొడవున సిమెంటు పోయించారు. ఈ పని జరుగుతున్నంతసేపూ తమ్ముడు పై అంతస్తులోనే ఉన్నాడు గానీ, వాలు ఎంత ఉండాలని అతనిని అడగాలన్న ఆలోచన ఏ ఒక్కరికీ రాలేదు. ర్యాంపుకు సాధారణంగా పాటించే కొలత ఒకటికి పన్నెండు, అంటే 45 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కాలంటే 540 సెంటీమీటర్ల పొడవు కావాలి. అంతకంటే బాగా నిటారుగా ఉంటే, ఎక్కేటప్పుడు ముందు చిన్న చక్రాలు గాలిలోకి లేచి కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. దిగేటప్పుడు చక్రాల అంచులను పట్టి ఆపబోయిన అరచేతులు ఒరుసుకుపోతాయి.

ప్రారంభోత్సవం నాడు రిబ్బను కట్టారు, పిల్లలు చప్పట్లు కొట్టారు. తమ్ముడు ర్యాంపు మొదట్లో కుర్చీ ఆపి, ఒకసారి పైకి చూసి, "దీని మీద నేను ఎక్కలేనండీ, వెనక్కి పడిపోతాను" అన్నాడు. సంఘం అధ్యక్షులవారు ఎంతో ప్రేమగా, "ఎందుకు బాబూ దిగులు, ఇంతమందిమి ఉన్నాం, తోసెయ్యమా?" అన్నారు. "మీరెవరూ ఇంట్లో లేని రోజున నేను బయటికి వెళ్లకూడదా అండీ?" అని తమ్ముడు అడిగాడు. ఆయన జవాబు వెతుక్కునేలోపే ఇద్దరు యువకులు ఉత్సాహంగా వచ్చి చెరోవైపు చేతిదన్ను పట్టుకుని కుర్చీని ఎత్తబోయారు. ఆ చేతిదన్నులు అవసరాన్ని బట్టి ఊడదీసి పక్కన పెట్టుకునేవి. కుడివైపుది ఊడి ఆ అబ్బాయి చేతిలోకి వచ్చేసింది, కుర్చీ పక్కకు ఒరిగింది, తమ్ముడు ఎడమ చేత్తో గోడ అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. తరువాత వాళ్లిద్దరినీ కోప్పడకుండా, కుర్చీలో ఏ భాగం కదలదో, ఎత్తాల్సి వస్తే ఎక్కడ పట్టుకోవాలో నిదానంగా చూపించాడు. అయినా ఆ సాయంత్రం లిఫ్టు దగ్గర, ఎంత చేసినా ఈ అబ్బాయికి కృతజ్ఞత లేదని ఒకరు నాకు వినబడేలాగానే అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మా వాళ్లకు మంచి మనసు లేదని నేను ఎన్నడూ అనను. మంచి మనసుకు ఏ లోటూ లేదు. సాయం పుచ్చుకునేవాడిని సంప్రదించాల్సిన అవసరం ఉంటుందని వారికి తోచకపోవడమే అసలు లోపం. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించగా 2008లో అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, వైకల్యం ఉన్నవారికి సంబంధించిన నిర్ణయాలు తీసుకునేటప్పుడు వారినే సంప్రదించాలని నాలుగవ అధికరణంలోనూ, ఇతరులతో సమానమైన ఎంపికలతో సమాజంలో జీవించే హక్కు వారికి ఉందని పందొమ్మిదవ అధికరణంలోనూ స్పష్టంగా చెబుతున్నది. ప్రభుత్వాలు సంతకాలు చేసిన ఆ మాటే ఒక భవనం మెట్ల దగ్గర కూడా చెల్లాలని నా వాదన.

కొంతకాలానికి సంఘంలో కోశాధికారి పదవి ఖాళీ అయింది. లెక్కలు తాను చూస్తానని తమ్ముడు ముందుకు వచ్చాడు. "నీకెందుకు బాబూ ఈ శ్రమ" అని చాలామంది అన్నారు, మా అమ్మ కూడా భయపడింది, అతను మాత్రం పట్టు వదలలేదు. అతని సంతకం లేకుండా ఏ చెల్లింపూ జరగని పరిస్థితి వచ్చిన తరువాత, లిఫ్టు దిగి మళ్లీ మెట్లెక్కితే గానీ చేరలేని మేడమీద గదిలో జరిగే సమావేశాలు వాటంతట అవే కింది అంతస్తుకు మారాయి. అంతకుముందు నేను ఎన్నోసార్లు అడిగినా జరగని పని అది! ఆ పై ఏడాది ఖర్చుల అంచనాలో కొత్త ర్యాంపు చేరింది. ఒకే వరుసలో నేరుగా కట్టడానికి చోటు చాలదు కనుక మధ్యలో 150 సెంటీమీటర్ల చదునైన జాగా వదిలి, అక్కడ వెనక్కి మలుపు తిప్పి, రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలు పెట్టించేలా తమ్ముడే కొలతలు వేసి మేస్త్రీకి ఇచ్చాడు. ఒక్కడి కోసం ఇంత ఖర్చా అని అడిగినవారు లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగిన వైకల్యం ఉన్నది కనుక ఆ 'ఒక్కడు' అనే మాటే సరికాదు. ఇప్పుడు ఆ ర్యాంపును మోకాళ్ల నొప్పుల పెద్దలూ, పసిపిల్లల బండ్లు తోసుకొచ్చే తల్లులూ, బరువైన సామాన్లు తెచ్చేవారూ తమ్ముడి కంటే ఎక్కువగానే వాడుతున్నారు.

అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ జీవితం కూడా నాకు ఇదే చెబుతుంది. పద్నాలుగేళ్ల వయసులో పోలియో సోకి మెడ కింది శరీరం దాదాపుగా చచ్చుబడిపోయిన ఆయన, 1962లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఈయన ఏ ఉద్యోగానికీ పనికిరాడని ఆ రాష్ట్ర పునరావాస శాఖ అధికారులు మొదట తేల్చేశారు. 1972లో ఆయనా, ఆయన మిత్రులూ కలిసి వైకల్యం ఉన్నవారే నడుపుకునే స్వతంత్ర జీవన కేంద్రాన్ని బర్కిలీలో స్థాపించారు. 1975లో ఆయన అదే పునరావాస శాఖకు అధిపతి అయ్యారు. అధికారం చేతికి వచ్చినవారిని ఎవరూ పక్కన కూర్చోబెట్టి మరచిపోలేరు.

మాటలో మాటగా, నన్ను బాధించే మరి రెండు సంగతులు కూడా చెప్పనివ్వండి. తమ్ముడు ఎదురుగా కూర్చుని ఉండగానే, "ఆయనకు మంచినీళ్లు కావాలా?" అని నన్ను అడిగేవారు ఎందరో. దయచేసి మీ కొత్త పొరుగాయనతో మాట్లాడేటప్పుడు ఆయన ముఖం చూసి, వీలైతే మీరూ ఒక కుర్చీ లాక్కుని కూర్చుని మాట్లాడండి. ఇక రెండవది, బహిరంగ భవనాలలో చక్రాల కుర్చీల కోసం ప్రత్యేకంగా కట్టిన మరుగుదొడ్డి. తలుపు మీద గుర్తు చక్కగానే ఉంటుంది, తెరిస్తే లోపల చీపుళ్లూ బకెట్లూ విరిగిన బల్లలూ కనబడతాయి. కుర్చీ తిరగడానికి వదిలిన ఖాళీ స్థలాన్ని సామాన్ల గదిగా వాడుకునేవారు ప్రతి డిసెంబరు 3న అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవానికి ఉపన్యాసాలు ఇవ్వడం నాకు మింగుడుపడదు.

అందరూ లెక్కలు చూడగలరా అని మీరు అడగవచ్చు. చూడనక్కరలేదు, ఎవరికి తగిన పని వారికి ఉంటుంది. మా భవనంలోనే డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే వచ్చి నేర్చుకోవడాన్ని నెమ్మదింపజేసే స్థితి, ఉన్న ఒక అమ్మాయి మొక్కలకు నీళ్లు పోసే బాధ్యత తీసుకున్నది. ఏ వరుసకు ఏ రోజున పోయాలో బొమ్మలతో గీసిన పట్టిక గోడకు అతికించి ఇచ్చారు, ఆమె ఏ రోజూ తప్పదు. చూపు లేనివారు సంఘంలో ఉంటే నోటీసును ఫోటో తీసి కాక అక్షరాలుగా టైపు చేసి పంపాలి, అప్పుడే వారి ఫోను దానిని సాఫీగా చదివి వినిపించగలుగుతుంది. వారితో కలిసి నడిచేటప్పుడు చెయ్యి పట్టి లాగకుండా, మన మోచేయి వారు పట్టుకునేలా అర అడుగు ముందు నడవాలి. వినికిడి లేనివారున్న సమావేశంలో ఒకరి తరువాత ఒకరే, పెదవుల కదలిక వారికి కనబడేటట్టు వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని మాట్లాడాలి. వారు సంజ్ఞా భాష వాడేవారైతే దుబాసీని పిలవాలి.

మీరు వెంటనే చేయదగినది ఇది. ఆయన ఇంటికి వెళ్లి, ఆయన ఏం పని చేసేవారో, దేనిలో ఆసక్తి ఉందో కనుక్కోండి, సంఘంలో ఏ బాధ్యత ఖాళీగా ఉందో చెప్పండి. తనకు ఏ పదవీ వద్దని ఆయన అంటే బలవంతపెట్టకండి, వద్దనే హక్కు మనకున్నట్టే ఆయనకూ ఉంది. తదుపరి సమావేశం నోటీసు మాత్రం ఆయన పేరు మీదే రాసి, ఆయన చేతికే ఇవ్వండి, ఆ సమావేశం ఆయన ఒంటరిగా చేరుకోగల చోట పెట్టండి. ర్యాంపు కట్టే ఆలోచన ఉంటే సిమెంటు కలపకముందే మేస్త్రీని తీసుకెళ్లి ఆయనతో మాట్లాడించండి.