జపాన్ బడిలో ఇంగ్లీషు టీచరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జపాన్‌కి ఇంగ్లీషు టీచర్లుగా వెళ్లాలనుకునేవాళ్లవీ, వెళ్లి అక్కడ తలపట్టుకున్నవాళ్లవీ. కాబట్టి మిగతా దేశాల సంగతి వచ్చే సంచికలో చూద్దాం.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. ఐదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆరు నుంచి ఇంగ్లీషు మీడియం. ఇంటర్, డిగ్రీ, బీఈడీ కూడా ఇంగ్లీషులోనే. జపాన్‌లో స్కూళ్లకు అసిస్టెంట్ టీచర్లను పంపే ఒక కంపెనీ ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేసి, ఏప్రిల్ నుంచి రమ్మంది. ఇక్కడొక ఏజెంటు "వీసా పని నాకొదిలెయ్యండి, మూడు లక్షలవుతుంది" అంటున్నాడు. నాన్నగారికేమో నేను వెళ్లడమే ఇష్టం లేదు. ఏం చెయ్యమంటారు? (గాజువాక పాఠకురాలు)

జవాబు: ముందు ఆ ఏజెంటుకి ఓ నమస్కారం పెట్టి పంపించెయ్యండమ్మా. జపాన్ వీసాకి అసలు కాగితం అర్హత సర్టిఫికెట్. మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకునే కంపెనీయే మీ తరఫున అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసులో దానికి దరఖాస్తు పెడుతుంది, దానికి ఫీజు కూడా లేదు. అది మీ చేతికొచ్చాక 3 నెలల్లోపు జపాన్‌లో దిగాలి. మన ఆంధ్రావాళ్ల వీసాలు చూసేది చెన్నైలోని జపాన్ కాన్సులేట్. ఇందులో మూడు లక్షలకి ఎవరైనా చేసిపెట్టే పని నాకైతే ఎక్కడా కనపడలేదు.

మీరు నిజంగా చూసుకోవాల్సింది మీడియం సంగతి. స్కూళ్లలో పరభాష చెప్పడానికి వచ్చే అసిస్టెంటు ఆ భాషలోనే 12 ఏళ్లు చదివి ఉండాలని అక్కడి ఇమిగ్రేషన్ నిబంధన. అమెరికా వాళ్లకీ ఇంగ్లండు వాళ్లకీ ఈ లెక్క ఎవరూ అడగరు, మనకి మాత్రం వేలు మడిచి లెక్కపెడతారు. మీ విషయంలో ఆరు నుంచి పది దాకా 5, ఇంటర్ 2, డిగ్రీ 3, బీఈడీ 2, సరిగ్గా 12. ఒక్క ఏడాది కాగితం తగ్గినా కథ మొదటికొస్తుంది కాబట్టి ఇవాళే బయల్దేరి చదివిన ప్రతి చోటా స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి, దాని మీద 'మీడియం: ఇంగ్లీషు' అని స్పష్టంగా రాయించుకోండి. ప్రైవేటు స్కూళ్లు మూతపడుతుంటాయి, యాజమాన్యాలు మారిపోతుంటాయి, రేపు చూద్దాంలే అనుకుంటే ఆ ముద్ర వేసేవాడే ఉండడు.

ఇక నాన్నగారికి చెప్పడానికి కొంత సరుకు. అక్కడి ప్రాథమిక బడుల్లో 2020 ఏప్రిల్ నుంచి 5, 6 తరగతులకి ఇంగ్లీషు పూర్తి స్థాయి సబ్జెక్టయింది, 3, 4 తరగతుల పిల్లలకి ఆటపాటల రూపంలో ఉంటుంది. అందుకే అసిస్టెంట్లు కావాలి. జపాన్ ప్రభుత్వమే 1987 నుంచి నడుపుతున్న జెట్ అనే పథకం ఒకటుంది, జీతమూ మర్యాదా అందులోనే ఎక్కువ. మీది ఆ దారి కాదు, కంపెనీ దారి. ఈ దారిలో ప్రకటనల్లో కనపడే జీతం నెలకి 2 లక్షల నుంచి 2.5 లక్షల యెన్ల మధ్య ఉంటుంది. యెన్ విలువ మన 60 పైసల చుట్టుపక్కల తిరుగుతోంది, కాబట్టి లక్షలనగానే బంధువులందరికీ చెప్పెయ్యకండి. సంతకానికి ముందు కంపెనీని మెయిల్‌లో అడగాల్సినవి కొన్నున్నాయి. బడి సెలవులుండే ఆగస్టులో జీతం పూర్తిగా ఇస్తారా, కోస్తారా? ఆరోగ్య బీమా, పెన్షన్‌లలో కంపెనీ వాటా కడుతుందా, లేక అంతా మీ నెత్తినేనా? పోస్టింగు ఏ ఊళ్లో, కారు కావాలా? పల్లెల్లో రెండు మూడు బడులు తిరగాల్సొస్తే కారు తప్పదు. ఇక్కడ లైసెన్సు తీసుకుని రవాణా ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ చేయించుకుంటే అక్కడ దిగాక ఏడాది నడపొచ్చు. ఆ తర్వాత జపాన్ లైసెన్సుగా మార్చుకోవాలంటే, మన లైసెన్సు వచ్చాక కనీసం 3 నెలలు మీరు మన దేశంలో ఉన్నట్టు చూపించాలి. అంటే లైసెన్సు లేకపోతే ఈ నెలే దానికి వెళ్లాలి, మార్చిలో కాదు.

కంపెనీ వీటికి రాతపూర్వకంగా జవాబులిస్తే వెళ్లండి. ఫోన్లో నోటిమాటగా చెప్పి సరిపెడితే మాత్రం నేను మీ నాన్నగారి పక్షం.

ప్రశ్న: ఫిబ్రవరి ఆఖర్న ఒసాకా దగ్గరికి వెళ్తున్నాను, స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే ప్రైవేటు సంస్థలో ఉద్యోగం. ఎంత డబ్బు పట్టుకెళ్లాలి? విదేశీయులకి ఇళ్లు ఇవ్వరంటున్నారు, నిజమేనా? (ఎంవీపీ కాలనీ పాఠకుడు)

జవాబు: కొందరు ఇవ్వరు. ఇంటి బ్రోకరు మీ ముందే ఇంటాయనకి ఫోన్ చేసి "విదేశీయుడండీ, పరవాలేదా" అని అడుగుతాడు, అటునుంచి వద్దంటే మర్యాదగా తల వంచి ఇంకో ఇంటి కాగితం తీస్తాడు. మీరూ నొచ్చుకోకుండా ఆ రెండో కాగితం చూడండి. మన సీతమ్మధారలో బ్యాచిలర్లకి ఇల్లు వెతికినవాళ్లకి ఇదేం కొత్త కాదు.

డబ్బు సంగతి మాత్రం గట్టిగా వినండి. ఇంట్లో అడుగుపెట్టకముందే 4 నుంచి 6 నెలల అద్దె దాకా చేతిలోంచి పోతుంది. డిపాజిట్ ఉంటుంది, దాన్ని షికికిన్ అంటారు, ఖాళీ చేసేటప్పుడు శుభ్రం ఖర్చులు పోను వెనక్కొస్తుంది. రేకిన్ అని ఇంకోటుంది, అది ఇంటాయనకి సమర్పించుకునే డబ్బు, రానే రాదు. బ్రోకరు ఫీజు, మీకు హామీ ఉండే కంపెనీకి ఫీజు, మొదటి నెల అద్దె వేరే. ఇంతా కట్టి తాళం తీస్తే చాలా ఇళ్లలో గ్యాసు పొయ్యి ఉండదు, కర్టెన్లుండవు, ఒక్కోసారి సీలింగుకి లైటు కూడా ఉండదు. గ్యాసు కనెక్షన్ ఇచ్చే మనిషి వచ్చినప్పుడు మీరు ఇంట్లో ఉండాలి, లేకపోతే ఫిబ్రవరి చలిలో చన్నీళ్ల స్నానమే. వీటిలో కొన్నిటి నుంచి తప్పించుకునే దారి యూఆర్ అనే ప్రభుత్వ రంగ ఇళ్లు. వాటికి రేకిన్ లేదు, హామీదారు అక్కర్లేదు, రెన్యువల్ ఫీజూ లేదు, కాకపోతే ఆదాయం ఇంత ఉండాలని షరతుంది. మొదటి కొన్నాళ్లు కంపెనీ ఇచ్చే గదిలోనో, షేర్ హౌస్‌లోనో ఉండి నెమ్మదిగా వెతుక్కోవడం నాకు నచ్చే పద్ధతి.

మొదటి జీతం చాలా చోట్ల తర్వాతి నెలాఖరుకి గానీ పడదు. అందుకని ఇంటి ఖర్చు కాక రెండు నెలల తిండికీ రైలు ఛార్జీలకీ సరిపడా ఉంచుకోండి. విదేశీ నోట్లు ఇక్కణ్ణుంచి 3,000 డాలర్ల విలువకి మించి తీసుకెళ్లనివ్వరు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోండి.

ఎయిర్‌పోర్టులో మీకు నివాస కార్డు ఇస్తారు. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోపు ఆ కార్డుతో ఊరి మునిసిపల్ ఆఫీసుకెళ్లి అడ్రసు రాయించుకోవాలి. అక్కడ మొదలవుతుంది అసలు తమాషా. బ్యాంకువాడు ఫోన్ నంబరు అడుగుతాడు, ఫోన్ కంపెనీవాడు బ్యాంకు ఖాతా అడుగుతాడు. కొత్తగా వచ్చినవాళ్లకి 6 నెలలు నిండేదాకా చాలా బ్యాంకులు ఖాతా ఇవ్వవు కూడా. కంపెనీ మనిషిని వెంటబెట్టుకుని పోస్టాఫీసు బ్యాంకుకి వెళ్లండి, అక్కడ పని తేలిగ్గా అవుతుంది. జపనీస్‌లో మీ అడ్రసు చేత్తో రాయడం ఇక్కడే నేర్చుకుని వెళ్తే ఆ వారమంతా మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

ప్రశ్న: నా ఇంగ్లీషులో తెలుగు యాస ఉంది. తీసుకుంటారా? (మధురవాడ)

జవాబు: 'నేటివ్ స్పీకర్లకు మాత్రమే' అని రాసిన ప్రకటనలకి దరఖాస్తు పెట్టకండి, టైము దండగ. మిగతావాళ్లకి కావాల్సింది నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడే మనిషి. యాస కంటే మన స్పీడే పెద్ద సమస్య. డెమో వీడియోలో గబగబా మాట్లాడకుండా, పదేళ్ల పిల్లకి చెబుతున్నట్టు చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి ఏప్రిల్‌లో అక్కడి బడిలో టీచరుగా చేరుతున్నాడు. గుడ్డు కూడా ముట్టడు. భూకంపాలంటే నాకు ఒకటే గుండెదడ. ఏమేం కట్టివ్వాలి? (పెదవాల్తేరు నుంచి ఒక అమ్మ)

జవాబు: బడిలో మధ్యాహ్నం పిల్లలూ టీచర్లూ క్లాసులోనే కూర్చుని ఒకే భోజనం తింటారు, అక్కడి బడుల్లో అదీ చదువులో భాగమే. చూడ్డానికి ఉత్త కూరగాయల సూపులా ఉన్నా అందులో చేపతో కాచిన నీళ్లుంటాయి. ముందే ప్రిన్సిపాల్‌కి చెప్పి, ఇంటినుంచి డబ్బా తెచ్చుకుంటానని అడగమనండి. పిల్లలతో కలిసి కూర్చుని తింటే చాలు, ఏం తింటున్నాడన్నది ఎవరూ పట్టించుకోరు. ఆ బల్ల దగ్గర మాత్రం కూర్చోవాలి, ఎందుకంటే పాఠంలో నోరు తెరవని పిల్లలు అన్నం దగ్గరే మాట్లాడతారు.

కందిపప్పు, ఇంగువ, చింతపండు టోక్యోలో నిషి కసాయ్, షిన్ ఓకుబో దుకాణాల్లో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో ఏ ఊరికైనా పంపిస్తారు. కాబట్టి పప్పుల బస్తాలు మోయించకండి. చిన్న కుక్కరు, పోపుల డబ్బా, ఎండబెట్టిన కరివేపాకు పొడి, ఆవకాయ చాలు. పచ్చి కరివేపాకు, పళ్లు, కూరగాయలు తనిఖీ సర్టిఫికెట్ లేకుండా పెట్టెలో పెట్టొద్దు. మీ ఇంట్లో తినకపోయినా ఇది చెప్పాలి: అక్కడున్న స్నేహితుడికని ఎవరైనా చికెన్ పచ్చడి సీసా ఇస్తే తీసుకోనివ్వకండి. మాంసంతో చేసినవి తేవడం నిషేధం, దొరికితే శిక్ష కూడా ఉంది.

భూకంపం భయం నేను తీసెయ్యలేను గానీ, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ని చూసిన ఊరు మనది. నీళ్లు, టార్చి, బిస్కట్లు, పాస్‌పోర్టు కాపీతో ఒక సంచీ గుమ్మం దగ్గర పెట్టుకోవడం, బీరువాని గోడకి బిగించడం, అంబులెన్సుకీ ఫైరుకీ 119, పోలీసుకి 110 అని గుర్తుంచుకోవడం, ఇవి మొదటి వారంలోనే చెయ్యాలి. మనకంటే వాళ్లు మూడున్నర గంటలు ముందుంటారు. రాత్రి సీరియల్ అయ్యాక ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటుతుంది, ఫోన్ మోగగానే వాడికే గుండెదడ వస్తుంది. సాయంత్రం ఐదింటికి చెయ్యండి.

ప్రశ్న: మేడమ్, మీ దగ్గర స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకున్న అక్కయ్యపాలెం కుర్రాణ్ణి. జపాన్‌లో హైస్కూల్లో అసిస్టెంటుగా ఏడాది కావొస్తోంది. క్లాసులో టీచరు చదవమన్న వాక్యం చదవడం, పిల్లలు తిరిగి అనడం, అంతే. స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ పలకరించరు. మానేసి, వేరే ఊళ్లో పెద్దవాళ్లకి ఇంగ్లీషు నేర్పే సంస్థలో చేరిపోదామనుకుంటున్నాను. (పేరు వద్దన్నాడు)

జవాబు: చేరు, కానీ రేపే కాదు. నీ వీసా స్కూళ్లలో బోధనకి ఇచ్చినది. ప్రైవేటు భాషా సంస్థలో పని చెయ్యాలంటే వీసా రకమే వేరు, ఇమిగ్రేషన్‌లో మార్పు అనుమతి వచ్చాకే మొదటి క్లాసు చెప్పాలి. ఉద్యోగం వదిలినా, కొత్తది దొరికినా 14 రోజుల్లోపు వాళ్లకి తెలియజెయ్యాలి. ఇంకోటి, ఊరి పన్ను. అది కిందటేడాది సంపాదన మీద లెక్కకట్టి జూన్ నుంచి వసూలు చేస్తారు, కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి ఏడాది తగలదు, రెండో ఏడాది జీతం ఉన్నట్టుండి తగ్గినట్టు కనపడుతుంది. ఉద్యోగం లేని నెలల్లోనూ ఆ బిల్లు ఇంటికొస్తుంది. ఎలాగూ కాంట్రాక్టులు మార్చితో ముగుస్తాయి, అప్పటిదాకా ఉండు.

ఉన్నన్నాళ్లూ ఒకటి చేసి చూడు. వాళ్లు పలకరించరని రాశావు, నువ్వు ఏ భాషలో పలకరిస్తున్నావో రాయలేదు. చాలామంది సైన్సు, లెక్కల మాస్టార్లకి నీతో ఇంగ్లీషు మాట్లాడాలంటే భయం. నువ్వు దగ్గరికొస్తుంటే కాగితాల్లో తల దూర్చేస్తారు. పొద్దున్న గట్టిగా 'ఒహాయో గొజాయిమస్', సాయంత్రం వెళ్లేటప్పుడు 'ఒత్సుకారెసమా దెస్' అను, సెలవులకి వెళ్లొస్తే అందరి బల్లల మీదా తలో స్వీటు పెట్టు. మధ్యాహ్నం పిల్లలు గదులు తుడిచేటప్పుడు నువ్వూ చీపురు పట్టుకో, బడి అయ్యాక బ్యాడ్మింటన్ క్లబ్బుకి వెళ్లు. అసిస్టెంటుకి పాఠంలో పాత్ర చిన్నదే, అది ఎంత మంచి బడిలోనైనా పెద్దగా మారదు, జీతమూ అంతే. అందుకే దీన్నే జీవితకాలపు ఉద్యోగమనుకోకుండా జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 అనే స్థాయి దాకా వెళ్లమని అందరికీ చెబుతాను. పరీక్ష జులైలో, డిసెంబర్లో ఉంటుంది.

ఒకవేళ విసిగిపోయి ఇంటికే వచ్చేద్దామనుకుంటే పెన్షన్ డబ్బు మర్చిపోకు. 6 నెలలు కట్టినవాళ్లు దేశం వదిలాక 2 ఏళ్లలోపు దరఖాస్తు పెడితే కొంత ఒకేసారి వెనక్కిస్తారు. అయితే మన దేశానికీ జపాన్‌కీ సామాజిక భద్రత ఒప్పందం 2016 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది, దాని ప్రకారం అక్కడ కట్టిన కాలాన్ని ఇక్కడి పీఎఫ్ పెన్షన్ కాలంతో కలుపుకోవచ్చు. డబ్బు వెనక్కి తీసుకుంటే ఆ కాలం లెక్కలోంచి పోతుంది. ఏడాదో రెండేళ్లో అయితే నేనైతే డబ్బే తీసుకోమంటాను.

ప్రశ్న: నా భార్యని తీసుకెళ్తే ఆమె పని చెయ్యొచ్చా? (గోపాలపట్నం)

జవాబు: డిపెండెంట్ వీసా మీద వెళ్లి, విడిగా అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల దాకా చెయ్యొచ్చు. దిగగానే అనుమతికి పెట్టించండి, పని దొరికాక కాదు.