గచ్చు మీరే చేసుకోండి, ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను, జీతం 34,000. మా ఆవిడకు కుట్టుపని మీద నెలకు 6,000 దాకా వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ, పిల్లల ఫీజులతో కలిపి ఖర్చు 30,000. హాలు, వరండా కలిపి 480 చదరపు అడుగుల సిమెంట్ గచ్చు పొడి లేస్తోంది. గ్రానైట్ వేయాలంటే మేస్త్రీ 1,15,000 అన్నారు. నేనే గచ్చును మెషిన్‌తో అరగదీసి (గ్రైండింగ్), పొడి లేవకుండా పైన పూసే సీలర్ కొట్టుకుంటే 43,000లో అయిపోతుంది, 72,000 మిగులుతుంది. ఉన్న 60,000 ఎఫ్‌డీలో 25,000 తీసి, తక్కువ పడింది ఫోన్ యాప్‌లో తీసుకుందామనుకుంటున్నాను. 20,000 లోన్‌కు చేతికి 18,000 ఇస్తారు, నెలకు 7,000 చొప్పున మూడు నెలలు కట్టాలి. వానలు పడేలోపు పని అయిపోవాలి. సరైన నిర్ణయమేనా?

జవాబు: కాదండీ. పని మీరే చేసుకోవాలనుకోవడం మంచిదే. తప్పంతా ఆ ‘72,000 మిగులు’లో ఉంది. గ్రానైట్ కోసం 1,15,000 దాచిపెట్టుకుని 43,000తో సరిపెట్టుకుంటే 72,000 మిగిలినట్టు. మీ దగ్గర ఉన్నదే 60,000. అంటే మీకు మిగిలేది ఏమీ లేదు, 43,000 ఖర్చు మాత్రం ఉంది. ఇల్లు బాగుచేసుకునే చాలామంది చేసే పొరపాటు ఇది, మీ ప్రశ్న తీసుకున్నదీ అందుకే. పెద్ద ఖర్చు తప్పించుకున్నామన్న ధైర్యంతో, కష్టానికి దాచుకున్న డబ్బు మీద చెయ్యి వేస్తారు.

ముందు ఆ యాప్ సంగతి. చేతికి 18,000 వచ్చి మూడు నెలల్లో 21,000 కడుతున్నారు. పోయేది మూడు వేలేగా అనిపిస్తుంది. కానీ మొదటి నెల నుంచే అసలు కూడా తీరుస్తున్నారు కాబట్టి లెక్క కడితే నెలకు నూటికి ఎనిమిది రూపాయల వడ్డీ పడుతోంది. ఊళ్లో ఎవరైనా ఎనిమిది రూపాయల వడ్డీ అంటే గుమ్మం కూడా తొక్కరు కదా. ఫోన్‌లో అడిగితే ఎలా ఒప్పుకుంటున్నారు? ఆ యాప్ తీసేయండి. బ్యాంకులో బంగారం పెడితే దీనికంటే చాలా చౌక, కానీ గచ్చు కోసం అదీ వద్దు.

ఇప్పుడు నాకు అసలు టెన్షన్ పెట్టిన విషయం. నెలకు 30,000 ఖర్చున్న ఇంట్లో ఆరు నెలలకు సరిపడా, అంటే 1,80,000, ముట్టకుండా ఉండాలి. మీ 60,000 రెండు నెలలకే వస్తుంది. అందులో 25,000 తీస్తే నెల రోజులకు కాస్త పైన వచ్చేంతకు దిగుతుంది. నెలనెలా మిగిలే 10,000తో పూడ్చేస్తానని మీ లెక్క కావచ్చు. జూన్, జూలై, ఆగస్టుల్లో అందులో 7,000 యాప్‌కే పోతుంది. మిగిలిన 3,000 చొప్పున వేసుకుంటూ వస్తే ఆ గుంట పూడేసరికి అక్టోబరు వస్తుంది.

ఆ నెలలు మన దగ్గర ఎలాంటివో మీకు చెప్పక్కర్లేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది, లంక గ్రామాల్లో ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా పడిపోయాయో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మిల్లు పదిహేను రోజులు ఆగినా, కరెంటు లేక కుట్టుమిషన్ మూలపడినా ఈఎంఐ ఆగదు. సరిగ్గా ఆ రోజుల్లో మీ ఎఫ్‌డీ తరిగిపోయి ఉంటుంది.

పైగా 43,000 అన్నది అంతా సవ్యంగా జరిగితేనే. డెల్టాలో నేల కింద నీళ్లు పైపైనే ఉంటాయి, చెమ్మ గచ్చులోంచి పైకి వస్తుంది. పాలకొల్లులో మా ఇంటి వరండాకు మెరుపు కోసం యాక్రిలిక్ సీలర్ కొట్టాం. ఆషాఢం వచ్చేసరికి కింది చెమ్మ పైకి దారిలేక పొర అంతా తెల్లబడి, బుడగలు లేచి, గోటితో గీకితే పెచ్చులుగా వచ్చేసింది. దాన్ని గీకించడానికి అయిన ఖర్చు సీలర్ ఖర్చు కంటే ఎక్కువ. మీ గోడల వారగా తెల్లగా ఉప్పు తేలుతోందేమో చూడండి. ఒకటిన్నర అడుగు చదరం పాలిథిన్ షీటు గచ్చు మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. సాయంత్రం అంటించి, కనీసం పదహారు గంటలు ఉంచి మర్నాడు తీస్తే, అడుగున నీటి చుక్కలు కనిపించినా, గచ్చు నల్లబడినా పైన పొర కట్టే సీలర్ వేయకూడదు. గచ్చు లోపలికి ఇంకిపోయే రకం సీలర్ అయితే చెమ్మను పైకి పోనిస్తుంది. మెరుపు ఉండదు, పెచ్చులూ రావు.

అందుకని ఇలా చేయండి. ఎండాకాలం సాగునీటి కాలవలు కట్టేసి నేల కాస్త ఆరి ఉండే రోజులివి. ఈ నెల మిగిలే 10,000లో ఎంత వస్తే అంత, వరండా ఒక్కటే చేయండి. గ్రైండర్ కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. హాలు వచ్చే ఎండాకాలానికి. ఈలోపు నెలకు 10,000 ఎఫ్‌డీ పక్కన చేర్చుకుంటూ పోతే పన్నెండు నెలల్లో 1,80,000 అవుతుంది. అప్పటికి వరండా గచ్చు ఒక వానాకాలం తట్టుకుందో లేదో కూడా తెలుస్తుంది. చిట్టీ వేసి పాడుకుందామా అన్న ఆలోచన ఉంటే వద్దు. ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకోవచ్చు, వరదకూ తుపానుకూ వర్తిస్తుంది, చెమ్మకు మాత్రం రాదు.

గ్రైండర్ పట్టేటప్పుడు మామూలు గుడ్డ కట్టుకుంటే చాలదు. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి, పిల్లల్ని ఆ పూట బయటికి పంపండి. చెయ్యి తెగితే మిల్లులో లెక్కలు రాసేదీ ఆ చేతితోనే. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా, రెండు చేతులు లేదా రెండు కళ్లు పోయినా 2 లక్షలు, ఒక చెయ్యి పోతే లక్ష వస్తుంది. జూన్ 1న కొత్త ఏడాది మొదలవుతుంది, గ్రైండర్ తెచ్చేలోపే బ్యాంకుకు వెళ్లి చేరండి. మీ ఆవిడ పేరు మీదా విడిగా చేయించండి. ఆ 6,000 కూడా ఇంటిని నడుపుతున్న డబ్బే.