శుక్రవారం ఇంట్లో ఉండే ఆడవాళ్ళు నమాజు ఎలా చదువుకోవాలి?

వలైకుమ్ అస్సలామ్ చెల్లీ. మగవాళ్ళు జుమాకి (శుక్రవారం మధ్యాహ్నం మసీదులో అందరూ కలిసి చదివే నమాజుకి) వెళ్ళాక ఇంట్లో రెండు రకాతులు (నమాజులో ఒక్కో ఆవృతం) చదవాలా నాలుగా, వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆగాలా, మసీదుకి వెళ్ళకపోతే శుక్రవారం సవాబు (పుణ్యం) పోతుందా అని అడిగావు. పెళ్ళయిన కొత్తలో నాకూ ఇవే ప్రశ్నలు ఉండేవి.

నాలుగు చదవాలి. ఇంట్లో మనం చదివేది జుహర్ నమాజే, అంటే రోజూ మధ్యాహ్నం చదివేదే. జుమా రెండు రకాతులకి ఖుత్బా (ఇమామ్ ప్రసంగం), జమాత్ (కలిసి చదివే జనం) ఉండాలి, ఇంట్లో ఒక్కరే చదువుకునేవి కావవి. మేం హనఫీలం (ఇమామ్ అబూ హనీఫా పద్ధతి పాటించేవాళ్ళం) కాబట్టి రోజూలాగే ముందు నాలుగు సున్నత్ (ప్రవక్త చదివినవి), తర్వాత ఆ నాలుగు ఫర్జ్ (తప్పనిసరివి), రెండు సున్నత్, వీలైతే రెండు నఫిల్ (ఇష్టంగా అదనంగా చదివేవి). ఫోన్‌లో మక్కా లైవ్ పెట్టుకుని ఆ ఇమామ్ వెనక చదువుతామనే వాళ్ళున్నారు. ఖుత్బా వినడం మంచిదే గానీ, అలా చదివిన నమాజు చెల్లదని ఎక్కువమంది ఉలమాలు (మత పండితులు) చెబుతారు. పైగా అక్కడ జుమా వేళకి మనకి దాదాపు మూడు గంటలవుతుంది.

మగవాళ్ళు వచ్చేదాకా ఆగక్కర్లేదు. జుహర్ వేళ మొదలైతే చాలు. మన ఆంధ్రా, తెలంగాణల్లో ఏడాదిలో ఏ రోజైనా పన్నెండు నలభై ఐదుకల్లా ఆ వేళ వచ్చేస్తుంది. మా ఇంట్లో శుక్రవారం పలావ్, దాల్చా తప్పనిసరి. రెండు గంటలకి అందరూ ఆకలితో వస్తారు. అందుకే పొద్దున్నే గుసుల్ (ఒళ్ళంతా తడిసేలా స్నానం) చేసి, గోళ్ళు తీసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుంటాను. మాంసం ఉడికేలోపు మిగతా పని ముగించి, జుహర్ వేళ కాగానే పొయ్యి ఆపేసి ముసల్లా (నమాజు చాప) పరుస్తాను. బియ్యం నమాజయ్యాకే వేస్తాను. పొయ్యి మీద గిన్నె పెట్టి నిలబడితే సజ్దాలో (నుదురు నేలకి ఆనించినప్పుడు) కూడా మనసు దాని మీదే ఉంటుంది.

సవాబు గురించి దిగులు పడకు. జుమా ఆడవాళ్ళ మీద ఫర్జ్ కాదని, పిల్లలు, జబ్బుతో ఉన్నవాళ్ళ మీద కూడా కాదని అబూ దావూద్ సంకలనంలోని హదీసులో (ప్రవక్త మాటల్లో) ఉంది. శుక్రవారానికున్న బరకత్ (శుభం) అంతా ఆ మధ్యాహ్నం గంటలోనే లేదమ్మా. అది గురువారం మగ్రిబ్‌తోనే (సూర్యాస్తమయంతోనే) మొదలవుతుంది. నన్నడిగితే ఇల్లు నడిపే ఆడవాళ్ళకి అన్నిటికన్నా పనికొచ్చే సంగతి ఇదే, ఎందుకంటే అన్నీ ఒక్క పూటలో కుక్కుకోవాలనే టెన్షన్ ఉండదు.

శుక్రవారం చదివే ఖురాన్ అధ్యాయం సూరా కహఫ్ సంగతే చూడు. 110 ఆయతులు (వాక్యాలు), ఒక్కసారే కూర్చుని చదవాలంటే పిల్లలున్న ఇంట్లో కష్టం. నేను గురువారం రాత్రి ఇషా (రాత్రి నమాజు) అయ్యాక గుహలోని యువకుల కథ, రెండు తోటల యజమాని కథ చదువుతాను, అంటే 44వ ఆయతు దాకా. ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత మూసా అలైహిస్సలాం (మోషే ప్రవక్త) ప్రయాణం, జుల్‌ఖర్నైన్ అనే రాజు కథతో చివరి దాకా. అరబ్బీ చదివాక తెలుగు అనువాదం కూడా చూస్తాను. మాది నూర్‌బాషా కుటుంబం, ఇంట్లో మాటలన్నీ తెలుగే. మూసా అలైహిస్సలాం అంతటివారు ఓపిక పట్టలేక మళ్ళీ మళ్ళీ ప్రశ్నలడగడం నా భాషలో చదివినప్పుడే నాకు గుండెకి తగిలింది. మొత్తం కుదరకపోతే మొదటి పది ఆయతులు కంఠస్థం చెయ్యి. అవి దజ్జాల్ (అంత్యకాలంలో వచ్చే మహా మోసగాడు) ఫిత్నా నుంచి కాపాడతాయని ఇమామ్ ముస్లిం సంకలనంలోని హదీసులో ఉంది.

మా నాయనమ్మకి అరబ్బీ అక్షరాలు రావు. గురువారం సాయంత్రం నుంచే బియ్యంలో రాళ్ళేరుతూ, పాలు కాస్తూ దురూద్ (ప్రవక్త కోసం దీవెనలు కోరే మాటలు) చదువుతూనే ఉండేది. శుక్రవారం దురూద్ ఎక్కువగా చదవమని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పారు కదా, దానికి పుస్తకమూ అక్కర్లేదు, వేరే తీరికా అక్కర్లేదు.

అసర్ (సాయంకాలపు నమాజు) తర్వాత సమయం మాత్రం ఎవరికీ ఇవ్వకు. దుఆ (వేడుకోలు) కబూలయ్యే, అంటే అల్లాహ్ అంగీకరించే ఘడియ శుక్రవారం ఉందని, దాన్ని అసర్ తర్వాత చివరి గంటలో వెతకమని ఒక హదీసు. ఇమామ్ మింబర్ (ప్రసంగ పీఠం) మీద కూర్చున్నప్పటి నుంచి నమాజు ముగిసేదాకా అని మరొకటి. సాయంత్రమే నాకు వీలు. మగ్రిబ్‌కి ముందు ఫోన్ పక్కన పెట్టి, అడగాల్సినవన్నీ పేరు పేరునా తెలుగులోనే అడుగుతాను.

నెలసరి రోజుల్లో నమాజు లేదు, దాన్ని తర్వాత తీర్చాల్సిన పనీ లేదు. దురూద్, తస్బీహ్ (అల్లాహ్ స్తుతి), దుఆలకి ఏ అడ్డూ లేదు. ఖురాన్ పఠనం విషయంలో ఉలమాల మధ్య తేడా ఉంది, హనఫీల్లో చదవరు. నేను ఆ వారం కహఫ్ వింటాను.

మీ ఊళ్ళో ఆడవాళ్ళకి వేరే చోటున్న మసీదు ఉంటే తప్పకుండా వెళ్ళు. అక్కడ ఇమామ్ వెనక జుమా రెండు రకాతులు చదివావంటే ఇంటికొచ్చి మళ్ళీ జుహర్ చదవక్కర్లేదు.