జపాన్ ప్రయాణాలు, మీ ప్రశ్నలు: కోబేలో ఏ నెలలో కొండెక్కాలి, ఏ నెలలో సముద్రం వైపు దిగాలి

పోయిన నెల ఒసాకా గురించి రాస్తూ చివర్లో "పక్కనే కోబే ఉంది, అది వేరే కథ" అని ఒక ముక్క అనేసి వదిలేశా, ఇక చూడండి, ఈసారి వచ్చినవన్నీ కోబే ప్రశ్నలే. కుదిరినన్నిటికి జవాబు రాస్తున్నా.

మా అబ్బాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు, మార్చి ఆఖర్లో నేనూ మావారూ వెళ్తున్నాం. కోబేకి ఒక పూట చాలు అంటున్నాడు వాడు. నాకేమో మోకాళ్ళ నొప్పులు, అది కొండ ఊరు అని విన్నా. వెళ్ళాలా వద్దా? (గుంటూరు నుంచి ఒక అమ్మ)

వెళ్ళండమ్మా, తప్పకుండా వెళ్ళండి, కానీ పూట చాలదు అని మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి. ఒసాకా నుంచి రైల్లో ఇరవై పాతిక నిమిషాల్లో సన్నోమియా స్టేషన్లో దిగేస్తాం కాబట్టి అందరూ పొద్దున వెళ్ళి పోర్ట్ టవర్ ముందు ఫొటో దిగి మధ్యాహ్నానికి వెనక్కి వచ్చేస్తారు, వచ్చి "ఏముందండీ అక్కడ" అంటారు. ఆ ఊరు ఎలా ఉంటుందంటే ఉత్తరాన రొక్కో కొండలు, దక్షిణాన సముద్రం, రెండిటి మధ్యా సన్నటి పట్టీ, అంతే. ఊరంతా ఆ పట్టీలోనే. దారి అడిగితే ఎడమ కుడి అనరు, కొండవైపు, సముద్రంవైపు అంటారు, షాపింగ్ బిల్డింగుల్లో బోర్డులు కూడా అలాగే ఉంటాయి. కాబట్టి తప్పిపోయే భయం లేదు, తలెత్తి కొండ ఎటుందో చూసుకుంటే చాలు.

మోకాళ్ళ సంగతి. కితానో అని పాత విదేశీ వర్తకుల ఇళ్ళుండే పేట ఉంది, అది మొత్తం ఎత్తు మీదే. 1868లో ఈ రేవుని విదేశీ ఓడలకి తెరిచాక వచ్చినవాళ్ళు మొదట సముద్రం పక్కన ఉండి, తర్వాత గాలీ వెలుతురూ వ్యూ కోసం కొండ అంచుకి ఎక్కారు. అక్కడ 1909 నాటి ఎర్ర ఇటుకల ఇల్లు ఒకటి, ఒక జర్మన్ వర్తకుడు కట్టించుకున్నది, దాని శిఖరం మీద గాలి ఎటు వీస్తే అటు తిరిగే కోడిపుంజు ఉంటుంది. సిటీ లూప్ బస్ ఎక్కి కితానోలో దిగి అక్కడి నుంచి మెల్లిగా కిందికి నడవండి. కింది నుంచి పైకి మాత్రం వద్దు.

సకురా, అంటే చెర్రీ పూల కోసమైతే సుమా-ఉరా పార్క్. స్టేషన్ బయటికి రాగానే పూలు, ఎదురుగా సముద్రం, ఈ రెండూ ఒకే చూపులో దొరికే చోట్లు ఎక్కువ లేవు. మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా మామూలుగా పూస్తాయి, ఏటా నాలుగు రోజులు అటూ ఇటూ అవుతుంది. అక్కడే రోప్‌వే ఉంది కొండ మీదకి, మోకాళ్ళకి హాయి. పైన దిగాక కార్లేటర్ అని బుట్టల్లాంటి సీట్లుండే ఒక పాతకాలం బండి ఉంటుంది, 1966 నుంచీ నడుస్తోంది, గడగడలాడిస్తూ తీసుకెళ్తుంది, దాని కుదుపే దాని గొప్ప అని వాళ్ళే ప్రచారం చేసుకుంటారు! మీకు మోకాళ్ళతో పాటు నడుం నొప్పి కూడా ఉంటే దాన్ని దూరం నుంచి చూసి నవ్వుకోండి చాలు.

నేను నాగోయాలో సాఫ్ట్‌వేర్ జాబ్. మే సెలవుల్లో ట్రెకింగ్ చెయ్యాలని ఉంది, గ్రూప్ లేదు, ఒక్కడినే. కోబేలో సేఫేనా? (కరీంనగర్ కుర్రాడు)

తమ్ముడూ, నీకు షిన్-కోబే స్టేషన్ అంటే షింకాన్సెన్ ఆగేది అని మాత్రమే తెలిసి ఉంటుంది, బుల్లెట్ ట్రైన్ దిగి, స్టేషన్ కిందగా వెనక్కి వెళ్ళి పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తే జలపాతం అంటే నమ్ముతావా. నునోబికి జలపాతాలు. నాలుగు ఉంటాయి, అన్నిటికన్నా పైది ఓన్‌తాకి, 43 మీటర్లు. చాలామంది అక్కడే సెల్ఫీ తీసుకుని దిగిపోతారు, నువ్వు దిగకు. ఇంకొంచెం ఎక్కితే ఊరూ రేవూ కనిపించే చోటు, ఆపైన 1900లో కట్టిన గొహొన్‌మత్సు డ్యామ్, కాంక్రీటుతో కట్టిన గ్రావిటీ డ్యాముల్లో (తన బరువుతోనే నీళ్ళని ఆపేవి) జపాన్‌లో మొదటిది. రాతి డ్యామ్ లాగే కనిపిస్తుంది ఎందుకంటే పైన రాళ్ళు పేర్చారు. కోబే నీళ్ళు ఓడల్లో ఎన్నాళ్ళున్నా చెడిపోవని నావికులు మెచ్చుకునేవాళ్ళంటారు.

డ్యామ్ దాటి ఇచిగహారా అని ఏటి ఒడ్డు వస్తుంది, అక్కడిదాకా ఎవరైనా వెళ్ళొచ్చు. అక్కడి నుంచి మాయా కొండకి దారి ఉంది, 702 మీటర్లు, నిట్టనిలువు మెట్లూ వేర్లూ, బాగా చెమటలు పట్టిస్తుంది. పైన కికుసేయ్‌దాయ్ అనే వ్యూపాయింట్ నుంచి రాత్రి చూస్తే కోబే నుంచి ఒసాకా దాకా తీరమంతా దీపాలు, జపాన్‌లో మూడు గొప్ప రాత్రి దృశ్యాల్లో ఒకటిగా లెక్కేస్తారు. ఆ కొండ మీది తెంజోజీ గుడి బుద్ధుడి తల్లి మాయాదేవిది, కొండ పేరూ ఆవిడదే. ఇండియా నుంచి వచ్చిన ఒక ఋషి ఆ గుడి పెట్టాడని స్థలపురాణం. 1976లో కాలిపోతే కొంచెం ఉత్తరంగా మళ్ళీ కట్టారు. సాయంత్రం దాకా ఉండి చీకట్లో నడిచి దిగే సాహసం చెయ్యకు, రోప్‌వే, కేబుల్ కార్ రెండూ ఉన్నాయి, కానీ వారానికో సెలవు ఉంటుంది, కొన్ని రోజులు సాయంత్రమే ఆపేస్తారు, ముందే టైమింగ్స్ చూసుకో.

సేఫేనా అంటే, దారుల్లో బోర్డులు బాగుంటాయి, మనుషులు కూడా ఉంటారు, ముఖ్యంగా పొద్దున్నే. కోబేలో రోజూ కొండెక్కే అలవాటున్న ముసలివాళ్ళు చాలామంది, విదేశీ వర్తకులు మొదలుపెట్టిన అలవాటు అది, తర్వాత ఊరివాళ్ళకి పట్టుకుంది. ఎదురైతే "కొన్నిచివా" అంటారు, నువ్వూ అను. ఒక్క జాగ్రత్త: అడవిపందులు. ఊళ్ళోకి కూడా దిగుతుంటాయి. వాటికి తిండి పెట్టడం నిషేధం, నగరపాలక సంస్థ రూలే ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు ఊపుకుంటూ నడవకు, అది వాటికి భోజనం పిలుపు.

ఇంకో ముక్క. ఇప్పుడు పచ్చగా కనిపిస్తున్న ఈ కొండలు మెయ్‌జీ కాలంలో, అంటే 1868-1912 మధ్య, బోడి కొండలు. చెట్లు కొట్టేసి కొట్టేసి మట్టే మిగిలింది, వానొస్తే మట్టి, రాళ్ళు ఊరి మీదకి. 1902 నుంచి పనిగట్టుకుని మొక్కలు నాటారు. అది తెలిసి నడిస్తే ఆ చెట్ల కింద నడక వేరేగా ఉంటుంది. నీకు అలవాటయ్యాక సుమా-ఉరా నుంచి తకారాజుకా దాకా కొండల మీదుగా 56 కిలోమీటర్ల దారి ఉంది, నవంబర్లో దాన్ని ఒక్క రోజులో నడిచేస్తారు జనం. ఇప్పుడే కాదులే.

జూన్‌లో వెళ్తున్నాం, అప్పుడు వానలట. టికెట్లు మార్చుకోమంటారా?

మార్చుకోవద్దు. జూన్ నుంచి జులై మధ్య దాకా వానే, నిజమే, కానీ మన వానలాగా ఇరగదీసి వెళ్ళిపోదు, సన్నగా పడుతూనే ఉంటుంది. ఆ వానకే హైడ్రేంజియాలు పూస్తాయి, వాళ్ళు అజిసాయ్ అంటారు, అది కోబే నగర పుష్పం. రొక్కో వెనకవైపు మునిసిపల్ బొటానికల్ గార్డెన్ ఉంది, పేరుకి గార్డెన్, ఉన్నది అడవే, నీలం హైడ్రేంజియాలు దారి పొడుగునా. ఎండలో చూస్తే వాడినట్టుంటాయి, తడిసినప్పుడే చూడాలి వాటిని. మంచి బూట్లు, గొడుగు కన్నా రెయిన్‌కోట్ బెటర్. కొండ మీద పొగమంచు కమ్మేస్తే వ్యూ కోసం కేబుల్ కార్ ఎక్కడం మాత్రం డబ్బులు దండగ.

ఆగస్టు ఎలా ఉంటుంది? మేము విజయవాడ వాళ్ళం, ఎండ మాకు లెక్కా?

లెక్కే. డిగ్రీలు చూసి మోసపోకండి, ఉక్క చంపేస్తుంది. పగలు రొక్కో పైకి వెళ్ళిపోండి, శిఖరం 931 మీటర్లు, కింద ఊరికన్నా ఐదారు డిగ్రీలు తక్కువ ఉంటుంది. 1895లో ఆర్థర్ గ్రూమ్ అనే ఇంగ్లీషాయన అక్కడ వేసవి ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత గోల్ఫ్ మైదానం కూడా వేశాడు, జపాన్‌లో మొట్టమొదటి గోల్ఫ్ క్లబ్ 1903లో అక్కడే. సాయంత్రం దిగి సముద్రం ఒడ్డున నడవండి. తుఫాను వార్నింగ్ ఉంటే కేబుల్ కార్లు ఆపేస్తారు, ఆ రోజు హోటల్లో పడుకోండి.

శరదృతువులో అరిమా వేడినీటి బుగ్గలకి వెళ్దామని మా కోడలు అంటోంది. అక్కడ బట్టల్లేకుండా దిగాలట కదా, నాకు సిగ్గుగా ఉంది, చెప్పుకోలేక మీకు రాస్తున్నా. (రాజమండ్రి)

ఇందులో సిగ్గేం లేదమ్మా, ఈ ప్రశ్న లోపల అందరికీ ఉంటుంది. ఆడవాళ్ళకి వేరు, మగవాళ్ళకి వేరు, లోపల ఎవరూ ఎవరినీ చూడరు. ముందు పక్కన కూర్చుని ఒళ్ళు శుభ్రంగా రుద్దుకుని కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి, తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు, అంతే రూల్సు. అయినా మనసొప్పకపోతే, ఊరి మధ్యలో కిన్-నొ-యు అనే స్నానాల ఇల్లు ఉంది, దాని బయట కాళ్ళు మాత్రం పెట్టుకునే తొట్టి ఉంటుంది, టికెట్ కూడా లేదు. చీర కొంచెం పైకి పట్టుకుని కూర్చోండి, కోడల్ని లోపలికి పంపండి.

అరిమాలో నీళ్ళు రెండు రకాలు. బంగారు నీళ్ళంటారు ఒకటి, ఇనుమూ ఉప్పూ ఉంటాయి, గాలి తగలగానే ఎర్రమట్టి రంగుకి తిరుగుతుంది. తెల్ల తువ్వాలు తీసుకెళ్తే ఇక అది తెల్ల తువ్వాలు కాదు! రెండోది వెండి నీళ్ళు, రంగుండదు. జపాన్ మొత్తాన్నీ ఒక్కటి చేసిన టొయొటొమి హిదెయొషి ఈ ఊరికి పదే పదే వచ్చేవాడట. నవంబర్ మధ్య నుంచి ఆఖరు దాకా జుయిహోజీ పార్కులో మేపుల్ ఆకులు ఎర్రబారతాయి, ఊళ్ళోంచి నడిచే దూరమే, కాకపోతే ఎత్తు. నా సలహా ఏంటంటే వెళ్ళేటప్పుడు రొక్కో కేబుల్ కార్, అక్కడి నుంచి కొండ అవతలకి రోప్‌వే, అంటే రంగు మారిన లోయ మీదుగా అరిమాలో దిగుతారు, తిరుగు ప్రయాణం మామూలు రైలు. శని ఆదివారాలు మాత్రం వద్దు, ఒసాకా అంతా అక్కడే ఉంటుంది.

డిసెంబర్లో కోబే దీపాల పండగ చూడాలని టికెట్లు తీసుకుంటున్నాం, కరెక్టేనా?

ఆగండి, ఇంకా తీసుకోకపోతే తీసుకోకండి. కోబే లుమినారియే పాత బ్లాగుల్లో డిసెంబర్ అని ఉంటుంది, 2024 నుంచి జనవరికి మార్చారు, చివరి వారం ప్రాంతంలో జరుగుతోంది. ఆ ఏడాది తేదీలు చూసుకుని అప్పుడు బుక్ చెయ్యండి.

అది క్రిస్మస్ లైటింగ్ కాదండీ, ఆ తేడా తెలిసే వెళ్ళాలి. 1995 జనవరి 17, తెల్లవారుజామున 5:46కి భూకంపం వచ్చింది, 6,434 మంది పోయారు. హైవే పక్కకి ఒరిగి పడిపోయింది, నగత పేట మంటల్లో కాలిపోయింది. అదే ఏడాది డిసెంబర్లో పోయినవాళ్ళ కోసం ఈ దీపాలు మొదలుపెట్టారు. ఏటా జనవరి 17న హిగాషి-యూయెన్‌చి పార్కులో తెల్లవారకముందే జనం చేరతారు, వెదురు బొంగుల్లో దీపాలు పెట్టి సరిగ్గా 5:46కి మౌనంగా నిలబడతారు. ఎవరైనా వెళ్ళొచ్చు, కానీ మొహాల మీద ఫోన్ పెట్టి ఫొటోలు తియ్యొద్దు దయచేసి.

చలికాలంలో సముద్రం వైపే నడక బాగుంటుంది. మెరికెన్ పార్కులో విరిగిపోయిన రేవు ముక్క ఒక 60 మీటర్లు, పక్కకి ఒరిగిన దీపస్తంభాలతో సహా, అలాగే ఉంచేశారు. చాలామంది పక్కనే ఉన్న 'బీ కోబే' అక్షరాల ముందు ఫొటో కోసం క్యూ కడతారు, దీన్ని చూడరు. నాకైతే పార్కు మొత్తానికీ ఇదే ముఖ్యం. వెనకాల ఎర్రగా నడుం సన్నగా ఉండేది పోర్ట్ టవర్, 1963ది, 108 మీటర్లు, రిపేర్లు చేసి 2024లో మళ్ళీ తెరిచారు.

టైం ఉంటే రైల్లో మైకో దాకా వెళ్ళి ఆకాషి వంతెన కూడా చూడండి, 3,911 మీటర్లు, 1998లో తెరిచారు. టవర్లు రెండూ నిలబెట్టాక, రోడ్డు ఇంకా వెయ్యకముందు ఆ భూకంపం వచ్చింది, వాటి మధ్య దూరం 1,990 మీటర్లని ప్లాన్, భూమి జరిగి 1,991 అయ్యింది, డిజైన్ దానికి తగ్గట్టు సర్దుకుని కట్టేశారు. వంతెన లోపల సముద్రానికి 47 మీటర్ల ఎత్తున గాజు నేల మీద నిలబడొచ్చు. గాలి కోస్తుంది, చెవులు కప్పుకోండి.

కోబే అంటే బీఫ్ ఒక్కటేనా? మేము శాకాహారులం.

బీఫ్ బోర్డులు అడుగడుగునా ఉంటాయి, పట్టించుకోకుండా నడిచెయ్యండి. అసలు సమస్య అది కాదు, కూరగాయల సూప్ అన్నదాంట్లో కూడా చేప కాచిన నీళ్ళుంటాయి, దాషి అంటారు, ఉడోన్ అనే లావు నూడుల్స్ పులుసులో కూడా. "మాంసం లేదా" అని అడిగితే లేదనే చెప్తారు, వాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు. "దాషి ఉందా" అని అడగండి. సన్నోమియా, కితానో చుట్టుపక్కల ఇండియన్ రెస్టారెంట్లకి కొదవ లేదు, 1923లో యోకొహామా భూకంపంలో దెబ్బతిన్నాక అక్కడి మన వర్తకులు చాలామంది కోబేకి మారారు, అప్పటి నుంచీ ఇక్కడ ఇండియన్ల ఊరే. కితానోలో తెల్ల పాలరాతి జైన గుడి ఉంది, కిందికొస్తే 1935లో కట్టిన మసీదు, జపాన్‌లో మొదటిది, యుద్ధం బాంబుల్లోనూ 1995లోనూ నిలబడింది. అన్నట్టు 1893లో చికాగో వెళ్తూ వివేకానందుడు ఓడ వదిలి నేల మీదుగా యోకొహామాకి బయల్దేరింది కోబే నుంచే.

చేపలు తినేవాళ్ళకైతే ఫిబ్రవరి ఆఖరు, మార్చిలో ఇకనాగొ అనే సన్న చేపపిల్లల్ని సోయా సాస్, చక్కెర, అల్లంతో దగ్గరికి వండుతారు, కొన్నేళ్ళుగా చేప తగ్గిపోయి రేటు ఆకాశంలో ఉంది. దొరికితే కొద్దిగా కొనండి, వేడన్నంలోకి మన చేప పచ్చడి లాగే లాగిస్తుంది.

ఒక్క రోజే ఉంది, చిన్న పిల్లలున్నారు, ఏ నెలైనా సరే, ఒక్క ముక్కలో చెప్పండి.

పొద్దున నునోబికి హెర్బ్ గార్డెన్ రోప్‌వే ఎక్కి పైన ఆడుకోనిచ్చి, మధ్యాహ్నం నాన్కిన్‌మాచి (అక్కడి చైనాటౌన్), సాయంత్రం మెరికెన్ పార్క్, స్ట్రోలర్ పట్టుకెళ్ళండి, రోప్‌వేలో దాన్ని మడవాలా అని టికెట్ కౌంటర్లో అడగండి.