బుజ్జమ్మకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి బుజ్జమ్మకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు ఏఎన్‌ఎంగా, అదే ఊళ్లో నర్సమ్మగా, పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న చెప్పగానే వీధిలో అందరికీ చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం టెన్షన్ పట్టుకుంది. సూది వెయ్యడం నీకు వచ్చు. నోటి దురుసే నా భయం, చిన్నప్పటి నుంచీ చూస్తున్నానుగా.

టీకాల తేదీలు నీకు కంఠతా వచ్చు. వేశాక అరగంట కూర్చోబెట్టు. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పుండు లేస్తుందని ముందే చెప్పు, లేకపోతే పసుపు అద్దుతారు.

మా పక్క సబ్‌సెంటర్‌లో జరిగింది విను. తొలికాన్పు పిల్ల, వారం బిడ్డను తూకానికి తెచ్చింది. పుట్టినప్పటికంటే కాస్త తగ్గాడు. మొదటి వారంలో పసివాళ్లు కొంత తగ్గుతారనీ, రెండు వారాలకల్లా మళ్లీ పుంజుకుంటారనీ అక్కడి సిస్టర్‌కు తెలియక కాదు. బయట జనం, ఎండ, విసుగు. “పాలివ్వకుండా పిల్లాణ్ని ఎండగడుతున్నావా?” అని అందరి ముందూ కేకలేసింది. ఇంటికెళ్లేసరికి అత్తగారు “నీకు పాలు లేవు” అని తేల్చేసింది. సీసా వచ్చింది, నీళ్లు కలిపిన గేదెపాలు వచ్చాయి, వెనకే విరేచనాలూ వచ్చాయి. 6 వారాల టీకాకు ఆ పిల్ల రాలేదు. ఆశా కార్యకర్త వెళ్లి పిలిస్తే “మళ్లీ తిడతారు” అని తలుపు తియ్యలేదట. పెద్దాసుపత్రిలో సెలైన్లు ఎక్కించాక బిడ్డ దక్కాడు. తల్లికి పాలు మాత్రం అప్పటికే ఇంకిపోయాయి.

రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోస్తున్నాడా అని ఒక్క మాట అడిగితే పోయేది. పక్కన కూర్చుని, రొమ్ము ఎలా పట్టిస్తోందో చూస్తే పోయేది. తల్లులు తెలియక వస్తారే, తప్పు చేసి కాదు. బిడ్డను తూచే ముందు “నువ్వు తిన్నావా, నిద్ర పడుతోందా?” అని అడుగు. కాన్పయి రెండు వారాలు దాటినా తల్లికి ఏడుపు ఆగకపోతే, బాలింతలకు మామూలేనని కొట్టిపారెయ్యకు, డాక్టరుగారికి చూపించు.

బయట బండి మీద కూర్చుని ఫోన్ చూసుకునే మొగుణ్ని లోపలికి పిలు. టీకాల కార్డు అతని చేతిలో పెట్టి తర్వాతి తేదీ చదివించు. అత్తగారు వస అంటుంది, గాడిదపాలంటుంది. ఆవిడతో వాదం పెట్టుకోకు, మనవడి మీద ప్రేమతోనే అంటుంది. 6 నెలలదాకా తల్లిపాలు తప్ప నీళ్లచుక్క కూడా నోట్లో పడకుండా చూసే పని ఆవిడకే అప్పజెప్పు.

మెత్తగా ఉండమన్నానని అన్నిచోట్లా మెత్తబడకు తల్లీ. రెండు నెలల్లోపు బిడ్డ పాలు మానేసినా, ఒళ్లు చల్లబడినా, కామెర్ల పచ్చదనం అరచేతులకూ అరికాళ్లకూ దిగినా ఆగొద్దు. నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టు. 60 గానీ, అంతకు మించి గానీ ఉంటే మళ్లీ ఒకసారి లెక్కపెట్టు. అప్పుడూ అంతే ఉంటే, తెల్లారాక చూద్దామని ఇంట్లోవాళ్లు ఎంత అన్నా వినకు. 108కి ఫోన్ చేసి, బండిలో నువ్వూ ఎక్కు.

మీ పెద్దమ్మ