కట్టె బట్ ఉంటే పాత ఎయిర్‌గనేనా?

ప్రశ్న: మా ఇంట్ల కట్టె బట్ ఉన్న పాత ఎయిర్‌గన్ ఉంది, బ్యారెల్ వంచి పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పెట్టేది. కొత్తది కొందామని పోతే నల్ల ప్లాస్టిక్ బట్ ఉన్నది చూపించి "ఇది మోడర్న్" అన్నరు. అది కూడా బ్యారెల్ వంచేదే. మరి తేడా ఏంది?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: బట్, అంటే భుజానికి ఆనించే వెనుక భాగం మారింది, అంతే. చూడాల్సింది గాలి ఎక్కడ, ఎప్పుడు బిగుసుకుంటుందన్నది. మీ దాంట్లో బ్యారెల్ వంచగానే పిస్టన్ వెనక్కి జరిగి ఉక్కు స్ప్రింగ్ నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కాక పిస్టన్ ముందుకు దూకితే, అప్పుడు గాలి బిగిసి పెల్లెట్ కదులుతుంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్లో ఉండగానే తుపాకీ ముందుకూ వెనక్కూ కుదుపుతుంది. బిగించి పట్టుకుంటే గురి చెదిరేది అందుకే. ముందు చెయ్యి మీద ఊరికే ఆనించి, భుజానికి మెత్తగా తాకించి కొట్టాలి. మామూలు స్కోప్ (గురి చూసే దుర్భిణి) కూడా ఈ రెండువైపుల కుదుపుకు తట్టుకోదు.

మీకు చూపించింది గ్యాస్ రామ్ రకమైతే, స్ప్రింగ్ బదులు నైట్రోజన్ నింపిన సిలిండర్ ఉంటుంది. ఎక్కువసేపు ఎక్కుపెట్టి ఉంచినా స్ప్రింగ్‌లాగా కుంగిపోదు (అలా ఉంచమని కాదు). పనిచేసే తీరు మాత్రం పాతదే.

అసలైన తేడా పీసీపీలో (ప్రీ-ఛార్జ్డ్ న్యూమాటిక్, అంటే ముందే గాలి నింపి ఉంచే రకం). సిలిండర్లో ముందే సుమారు 200 బార్ ఒత్తిడి దాకా (బయటి గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) గాలి నింపుతారు. ట్రిగ్గర్ నొక్కితే లోపలి చిన్న సుత్తి వాల్వును తట్టి, కొంచెం గాలి వదులుతుంది. కుదుపు దాదాపు ఉండదు. 10 మీటర్ల రైఫిల్ పోటీల్లో ఇప్పుడు కనిపించేది ఇదే. తమాషా ఏమిటంటే, "మోడర్న్" అనే ఈ పద్ధతే పాతది. 1780 ప్రాంతంలోనే ఆస్ట్రియా సైన్యం జిరార్దోని అనే గాలి రైఫిల్ వాడింది. దాని బట్టే గాలి సిలిండర్, నింపాలంటే వెయ్యికి పైగా పంపులు కొట్టాలి.

ఏది కొన్నా 4.5 మిల్లీమీటర్ల బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం), 20 జౌళ్ల శక్తి దాటకుండా చూసుకోండి. దాటితే 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు కావాలి.

ప్రశ్న: సీఓటూ పిస్తోలు పొద్దున ఒక తీరు, మధ్యాహ్నం ఒక తీరు కొడుతుంది. చెడిపోయిందా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: పిస్తోలు బాగానే ఉంది, ఎండ తేడా అది. గుళికలో (పిస్తోలులో పెట్టే చిన్న ఉక్కు సిలిండర్లో) సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్, ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ఒత్తిడి 57 బార్, 30 దగ్గర 72. 31 దాటితే ద్రవంగా నిలవదు, ఒత్తిడి ఇంకా జోరుగా పెరుగుతుంది. మీ దిక్కు మే నెల ఎండలో పెల్లెట్ గురికన్నా పైకి పోతుంది, ఒక్కోసారి వాల్వు తెరుచుకోనే తెరుచుకోదు. నీడలో ఉంచండి, పొద్దున్నే కొట్టండి. గుళికలు కారు డ్యాష్‌బోర్డు మీద వదలొద్దు.

ప్రశ్న: స్ప్రింగ్ గన్‌కు నూనె వేస్తే పొగ వస్తుంది, చప్పుడు పెరిగింది.
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: పిస్టన్ ముందున్న నూనె, గాలి నొక్కుకున్న వేడికి అంటుకుంటోంది. దానివల్ల సీలు కాలుతుంది, స్ప్రింగ్ విరుగుతుంది. మెషిన్ ఆయిల్ మానండి. పాత గన్లలో తోలు వాషర్ ఉంటుంది, ఎండిపోతే బలం తగ్గుతుంది. దానికి ఒకటి రెండు చుక్కల సిలికాన్ ఆయిల్ చాలు. ఇంకోమాట, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కొద్దు. అడ్డు గాలి లేక పిస్టన్ నేరుగా సిలిండర్ మూతికి గుద్దుకుంటుంది.