జీపు కొనే ముందు ఛాసిస్ చూడు అల్లుడూ

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నిన్న అక్క ఫోన్ చేసింది. పలమనేరులో ఎవరి దగ్గరో 1944 నాటి ఫోర్డ్ మిలిటరీ జీపు ఉందట, 14 లక్షలు చెబుతున్నాడట, వచ్చే వారం అడ్వాన్స్ ఇచ్చేస్తానని నువ్వు పట్టుబట్టి కూర్చున్నావట. నువ్వు పంపిన ఫోటోలు రాత్రి పెద్దవి చేసుకుని ఒక్కొక్కటే చూశాను. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం వదిలేస్తావు. అందుకే కాగితం ముందేసుకున్నాను. నిదానంగా చదువు.

ఆ బండి చెడ్డదని నేననడం లేదు. పెయింటు బాగా వేశారు, టైర్లు కొత్తవి, సీట్లు శ్రద్ధగా కుట్టించారు. కానీ నా కంటికి అది పుట్టుకతో ఒక్క బండి కాదు, రెండు మూడు బండ్లు కలిపి నిలబెట్టిన బండి. ముందు జాలీలో నిలువు గాడులు లెక్కపెట్టు, ఏడున్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మిలిటరీ జీపు చేసిన కంపెనీలు విల్లీస్, ఫోర్డ్. ఆ నాటి విల్లీస్‌కైనా ఫోర్డ్‌కైనా రేకు జాలీలో తొమ్మిది ఉంటాయి. యుద్ధం అయ్యాక జనానికి అమ్మిన జీపులకు ఏడు. పైగా ఆ బానెట్ ఎత్తు చూడు. అది సీజే 3బీ అనే జీపు మోడల్ బానెట్. ఆ మోడల్‌లో వేసిన హరికేన్ ఇంజను పొడుగు కాబట్టి బానెట్ లేపాల్సి వచ్చింది. అది 1953లో వచ్చిన మోడల్. మన మహీంద్రా వాళ్లు దశాబ్దాల పాటు దాన్నే తయారు చేశారు. 1944 బండికి ఆ ముఖం ఎట్లా వస్తుంది?

అంతమాత్రాన తీర్పు చెప్పేయను. ఎప్పుడో గుద్దుకుంటే ముందు భాగం మార్చి ఉండొచ్చు. మన వైపు జీపులన్నీ కష్టపడ్డ బండ్లే. గుట్టల్లో తిరిగాయి, సంతలకు జనాన్ని మోశాయి, పెట్రోలు భరించలేక సగం బండ్లకు డీజిల్ ఇంజన్లు ఎక్కించారు. ఒక్క నట్టు కూడా మారని జీపు కావాలని తిరిగితే నీకు ఈ జన్మలో దొరకదు. కాబట్టి పార్టులు మారాయా లేదా అని అడగకు. ఏది మారింది, ఎప్పుడు మారింది, మారేటప్పుడు ఆ బండి బతికే ఉందా అని అడుగు.

ఈ మూడో మాట కొంచెం వివరంగా చెప్పాలి. ఇంగ్లండులో ఓల్డ్ నంబర్ వన్ అనే బెంట్లీ కారుంది. 1929లో, 1930లో వరసగా ఫ్రాన్సులో జరిగే లె మాన్ కార్ల రేసు గెలిచింది. తర్వాత రేసుల కోసం దానికి ఎన్నిసార్లు ఎన్ని మార్చారో లెక్కలేదు. ఛాసిస్, అంటే బండిని మోసే కింది ఇనుప చట్రం, ఇంజను, బాడీ అన్నీ మారుతూ వచ్చాయి. దాన్ని కోటి పౌండ్లకు బేరం చేసిన వాళ్లు, ఇది అసలు కారే కాదని వెనక్కి తగ్గారు. గొడవ లండన్ హైకోర్టుకు పోయింది. 1990లో జడ్జి అమ్మిన మనిషి వైపు తీర్పిచ్చాడు. పాత ముక్కలు పెద్దగా మిగల్లేదని ఆయనా ఒప్పుకున్నాడు. అయినా ఆ కారు ఒక్కరోజు కూడా లేకుండా పోలేదు, కొంచెం కొంచెంగా మారుతూ వచ్చింది, కాబట్టి ఆ పేరు దానిదే అన్నాడు. గోవిందరాజస్వామి తేరుకు చక్రం మార్చినా కొయ్య మార్చినా అది స్వామి తేరే కదా, అట్లాగే.

నీకు చూపిస్తున్న బండి సంగతి అట్లా కాదేమోనని నా అనుమానం. ఒకచోట ఛాసిస్, ఇంకోచోట ఇంజను, మద్రాసు పుదుపేటలో గేర్‌బాక్స్ కొని, కొత్త రేకుతో బాడీ కొట్టించి, మూడు నెలల్లో నిలబెడితే అది ఆ మూడు నెలల నాడు పుట్టిన బండి. పార్టులు పాతవే, బండి కొత్తది. దాన్ని దానిగా అమ్మితే తప్పు లేదు. 1944 అని పేరు పెట్టి అమ్మితే మోసం.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో తెలియాలంటే నా తప్పు ఒకటి నీకు చెప్పాలి. మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. 1996లో రేణిగుంట రోడ్డు షెడ్డుకు ఒకాయన పాత ఆర్‌సీ పుస్తకం తెచ్చి, 'ఈ పుస్తకానికో బండి కావాలి' అన్నాడు. తోటకు తిప్పుకుంటానన్నాడు. నేను చేసిచ్చాను. మూడు జీపుల సామాను కలిపి, ఫ్లోరు రేకు నేనే కోసి నేనే వెల్డింగ్ పెట్టాను. ఛాసిస్ నంబరు నేను కొట్టలేదు, ఎవరు కొడతారని అడగనూ లేదు. అడగకపోవడమే నా తప్పు. రెండేళ్లకు నగరి వైపు నుంచి రిటైరైన మాస్టారు ఒకాయన ట్యూనింగ్‌కని ఒక జీపు తెచ్చాడు. యుద్ధంలో తిరిగిన బండి అని, పీఎఫ్ డబ్బు పెట్టి కొన్నానని సంబరంగా చెప్పాడు. మ్యాట్ ఎత్తితే నా వెల్డింగే కనిపించింది. నా చేతి టాకా నాకు తెలియదా? చెప్పకుండా పంపేద్దామని ఒక్క క్షణం అనుకున్నాను. చెప్పేశాను. ఆయన టూల్ బాక్సు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మంచినీళ్లు అడిగాడు. ఆ రోజు నుంచి నా షెడ్డులో ప్రతి బండికీ ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ సామాను ఎక్కడ కొన్నాం, ఏది తీసి ఏది వేశాం, తేదీలతో సహా రాసి ఓనరు చేతికిచ్చేవాణ్ణి.

ఇక చూడటం ఎట్లాగో చెబుతాను. పెయింటు వైపు చూడకు, నేల మీద పడుకుని కింద చూడు. ముందు రేడియేటర్ కింద రెండు ఛాసిస్ పట్టీలను కలిపే అడ్డ కడ్డీ ఉంటుంది. విల్లీస్ అయితే అది గుండ్రటి పైపు. ఫోర్డ్ అయితే బోర్లించిన గాడి మాదిరి పెట్టె ఆకారంలో ఉంటుంది. దాన్ని మార్చడం అంత సులువు కాదు కాబట్టి అబద్ధం తక్కువ. ఫోర్డ్ వాళ్లు తమ సామాను మీద, చివరికి బోల్టుల తలల మీద కూడా 'ఎఫ్' అక్షరం కొట్టేవాళ్లు. నాలుగైదు బోల్టుల మీద అది కనిపిస్తే సంతోషించు, కానీ బోల్టులు చేతిసంచిలో కూడా వస్తాయని మరచిపోవద్దు. డ్యాష్ మీద ఉండే రేకు ప్లేట్లను అసలు నమ్మకు, కొత్తవి చేసి అమ్ముతారు. హెడ్‌లైట్ మాత్రం చూడు. మిలిటరీ జీపులో దాని రెక్క నట్టు వదులు చేసి లైటును వెనక్కి తిప్పితే ఇంజను మీద వెలుతురు పడుతుంది. రాత్రిపూట రిపేరు కోసం చేసిన ఏర్పాటు అది. నేను మొదటిసారి చూసినప్పుడు ఇది ఆలోచించినవాడికి దండం పెట్టాలనిపించింది.

ఫోర్డ్‌కు ఛాసిస్ నంబరు ఎడమ పక్క ఛాసిస్ పట్టీ పైనే, ఇంజను మౌంటింగ్ దగ్గర కొట్టి ఉంటుంది. గుడ్డ కిరసనాయిల్లో ముంచి జిడ్డు తుడువు. తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దు, ఆర్‌టీవో ఆఫీసుకు ప్రింట్ తీసే మాదిరే. అంకెలు ఒకే లోతులో, ఒకే వరసలో వస్తున్నాయా? చుట్టూ గ్రైండింగ్ గీతలున్నాయా? ఆ ఒక్క చోటే ఇనుము పలచబడిందా? వేలితో తడిమితే పల్లం తెలుస్తుంది. నంబరు చుట్టూ వెల్డింగ్ కనిపిస్తే ఇక మాట్లాడకుండా లేచి వచ్చేయ్. నంబరు కోసి అతికిన బండి దొంగ బండి అయినా కావచ్చు, అప్పుడు స్టేషన్‌లో కూర్చునేది అమ్మినవాడు కాదు, నువ్వు. బాడీ మీద అయస్కాంతం పెడుతూ పో. జారిపోయిన చోట పుట్టీ ఉంది.

కాగితాలు. ఆర్‌సీలో ఉన్న సంవత్సరం తయారీదా, రిజిస్ట్రేషన్‌దా చూడు. మిలిటరీ వాళ్ల వేలంలో కొన్న బండ్లు ఎన్నో ఏళ్ల తర్వాత రిజిస్టర్ అయ్యేవి. ఇంజను మార్చి ఉంటే ఆర్‌సీలో ఎక్కించారా? ఓనర్లు ఎందరు, మధ్యలో ఖాళీ ఏళ్లున్నాయా? వాహన్‌లో, అంటే బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైటులో, ఆ నంబరు వస్తుందా?

వింటేజ్ నంబరు, అంటే పాతకాలం బండ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్, వస్తుందని అమ్మేవాడు ఆశ పెడుతున్నాడట కదా. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన రూల్ అది. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఇస్తారు. ఫీజు 20,000, పదేళ్లకు చెల్లుతుంది, తర్వాత మళ్లీ 5,000. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. కలిపి కట్టిన బండిని, దాన్ని పరీక్షించే కమిటీ ముందు పెడితే ఏం చెబుతారో నువ్వే ఆలోచించు. ఒకవేళ వచ్చినా ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజూ తిప్పకూడదు. ప్రతి ఆదివారం హార్స్‌లీ హిల్స్ పోవాలనే నీ కోరికకు ఆ నంబరే అడ్డం.

ధర గురించి నా మాట ఇది. నంబరు, పుస్తకం, ఓనర్ల వరస మూడూ కలిస్తే ఆ బండికి చరిత్ర ధర ఇవ్వొచ్చు. ఇంజను అదే రకంది వేరే బండి నుంచి వచ్చి, ఆ సంగతి రాసి ఉంటే కొంచెం తగ్గించు, అంతే. కలిపి కట్టిన బండి అయితే సామాను ఖరీదు, చేతికూలి లెక్కగట్టి దాని మీద మంచి పనికి కొంత కలిపి ఇవ్వు. యుద్ధం కథకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. అట్లా తక్కువకు వచ్చి, కాగితాలు సక్రమంగా ఉంటే కొనుక్కో, నేనే దగ్గరుండి సరిచేస్తాను. మంచి మహీంద్రా జీపు చాలా ఏళ్లు నడుస్తుంది. కానీ దాన్ని నువ్వూ 1944 ఫోర్డ్ అని ఎవరికీ చెప్పకూడదు. రేపు నువ్వు అమ్మేటప్పుడు ఆ మాస్టారు లాంటి మనిషే వస్తాడేమో.

అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఆదివారం తెల్లవారుజామునే బస్సెక్కి పలమనేరు వస్తాను, నువ్వు బెంగళూరు నుంచి నేరుగా వచ్చేయ్. ఎండెక్కక ముందే చూసేద్దాం. టార్చి, అయస్కాంతం, తెల్లకాగితాలు, మెత్తటి పెన్సిల్ తీసుకురా. పాత చొక్కా వేసుకో, బండి కింద పడుకోవాల్సింది నువ్వే. నా నడుం ఇప్పుడు వంగడం లేదు.

ప్రేమతో,
మీ మామ